స్పష్టత కోరబడినది

ఎదురుగా గోడ మీద ‘నిశ్శబ్దము పాటించవలెను’ అని రాసి ఉంది. ఆమె వచ్చి కూర్చున్నప్పటి నుంచి దాన్నే చదువుతోంది, చదవడం అయిపోయినా మళ్ళీ మొదటికి వస్తోంది, ఆ గోడ మీద చదవడానికి ఇంకేమీ లేదు మరి, చూపు ఎక్కడో ఒకచోట ఆనాలి కదా. శ కింద శ, బ కింద ద. వత్తులంటే ఆమెకు ఇప్పటికీ ఒకదాని కిందకు ఒకటి తోసిన మంచాలే. ఇరుకింట్లో అలాగే తోసేవాళ్ళు, ఎత్తు మంచం కిందకు పొట్టి మంచం, పడుకునే వేళకు బయటికి లాగితే దాని మీద చెల్లి, పైన తను, తను చెయ్యి కిందికి వేలాడేస్తే చెల్లి ఆ చిటికెన వేలు పట్టుకుని నిద్రపోయేది, అమ్మ పోయిన కొత్తలో మొదలైన అలవాటు, పెద్దదయ్యాక కూడా వదల్లేదు, పొద్దున లేచేసరికి తన చెయ్యి మొద్దుబారి ఎవరి చెయ్యో అన్నట్టు ఉండేది. ఇప్పుడు కాళ్ళు అలాగే ఉన్నాయి. ఈ బల్ల ఎవరు చేశారో గానీ మనిషి కూర్చోవడానికి చేసినట్టు లేదు, త్వరగా లేచి పొమ్మని చేసినట్టుంది, అయినా ఎవరూ లేవరు, లేస్తే చోటు పోతుంది. నిశ్శబ్దం పాటించమని రాసింది ఈ బల్ల మీద కూర్చున్నవాళ్ళ కోసమే, అద్దానికి అవతల ఉన్నవాళ్ళకు అది వర్తించదు, అక్కడ ఎవరికో బదిలీ అయినట్టుంది, బదిలీ అయినవాడి కంటే మిగిలినవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉన్నారు, ఒకటే నవ్వులు. నవ్వండి నాయనా, నవ్వండి, మీ నవ్వులకు ఏ సంతకమూ అక్కర్లేదు.

అద్దానికి చెయ్యి పట్టేంత కంత ఉంది, ఆ కంత వెనక రేపమ్మ ఉంటుంది. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏ కాగితం పెట్టినా, ఎవరు పెట్టినా తల ఎత్తకుండా “రేపు రండి” అంటుంది కాబట్టి బల్ల మీదివాళ్ళు పెట్టుకున్న పేరది, పాతవాళ్ళు కొత్తవాళ్ళకు అప్పజెప్పి వెళ్తారు, ఈ ఆఫీసులో ఆలస్యం లేకుండా చేతులు మారేది అదొక్కటే. అలాంటి రేపమ్మ ఇవాళ అందరి ముందూ తల ఎత్తింది. “ఉండండి, ఎక్కడికీ వెళ్ళిపోకండి, లోపలి నుంచి పిలుస్తారు” అంది. ఇన్నాళ్ళూ రేపు రండి అంటే ఒళ్ళు మండేది. ఇవాళ ఉండండి అనేసరికి గుండె జారింది. రేపు అన్న మాటలో ఎంతో కొంత చోటుంది, అందులో తల దాచుకోవచ్చు, ఇవాళ అన్న మాటకు నాలుగు వైపులా గోడలే.

ఉడత సముద్రానికి అవతల, ఇంకో దేశంలో, తల్లి లేని పిల్లలను చూసుకునే ఒక పిల్లల ఇంట్లో ఉంది. ఉడత అంటే చెల్లి కూతురు, అసలు పేరు కాగితాల్లో ఉంది, ఆ పేరుతో పిలిస్తే అది పలకదు. చెల్లి ఆ దేశానికి ఎవరో ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పనికి వెళ్ళింది, అక్కడే ఉడతను కన్నది, అక్కడే జబ్బుచేసి పోయింది, ఆ ముసలావిడ మాత్రం ఇంకా బాగానే ఉందట. పిల్లను తెచ్చుకోవాలంటే దత్తత చేసుకోవాలన్నారు. దత్తతకు ఈ దేశం ఒప్పుకోవాలి, ఆ దేశం ఒప్పుకోవాలి, ఈ దేశం ఒప్పుకుందని ఆ దేశం నమ్మాలి. దేశాలు ఒప్పుకోవడమంటే జెండాలూ బాజాలూ ఉంటాయనుకుంది మొదట్లో, తీరా చూస్తే దేశమంటే ఒక కంత, ఆ కంత వెనక ఒక రేపమ్మ. ఆరోగ్యం పరీక్షించారు, ఇల్లు కొలిచారు, పొరుగువాళ్ళను అడిగారు, మొగుడు పోయిన ఆడది ఒంటరిగా పిల్లను ఎలా సాకుతుందని ఒకాయన అడిగితే, చెల్లిని సాకినట్టే అంది, ఆయన అది రాసుకోలేదు. అన్నీ అయి, చివరికి అంగీకార పత్రం ఒక్కటే మిగిలింది. అది ఈ నెలాఖరులోగా చేరకపోతే ఉడతను అక్కడే ఇంకెవరికైనా ఇచ్చేస్తామని పిల్లల ఇంటావిడ కబురు చేసింది. కఠినంగా చెప్పలేదు, పసిది ఎంతకాలమని ఎదురుచూస్తుంది, దానికీ ఒక ఇల్లు కావాలి కదా అని మెత్తగానే చెప్పింది, మెత్తగా చెప్పింది కాబట్టి తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. నెలాఖరంటే ఇవాళే, ఆ పైన అన్నీ సెలవులు.

పక్కన కూర్చున్న దంపతులు కొత్తవాళ్ళు. వాళ్ళ కాగితాల సంచీ ఇంకా నలగలేదు, దాన్ని బట్టి తెలిసిపోతుంది. వాళ్ళూ ఏదో దేశం నుంచి పసిబిడ్డను తెచ్చుకుంటున్నారట. ఆవిడకు ఊరుకుంటే తోచదు.

“గదికి రంగు కూడా వేయించేశామండీ. పసుపు. మగపిల్లాడో ఆడపిల్లో తెలీదుగా, పసుపైతే ఎవరికైనా నప్పుతుందని.”

“వేయించింది నువ్వు. ఇప్పుడే వద్దన్నది నేను” అన్నాడు ఆయన.

“ఈయనకి అన్నీ వద్దేనండీ. పెళ్ళి కూడా వద్దన్నారు.”

“అప్పుడు నా మాట విని ఉంటే ఇద్దరం బాగుపడేవాళ్ళం.”

ఆవిడ నవ్వి, మోచేత్తో ఆయన్ని ఒక పోటు పొడిచి ఇటు తిరిగింది. “మీకు ఏమవుతుందండీ పాప?”

ఇదివరకు ఈ ప్రశ్నకు ఆమె ఆగేది కాదు. ఇప్పుడు ఆగింది, అద్దం వైపు చూసింది, నోట్లో మాటను ఒకసారి తడిమి చూసుకుంది. “చెల్లెలి కూతురు” అంది.

“అయితే మీ కూతురేగా!”

“ఆ మాట ఇక్కడ అనకండమ్మా” అంది ఆమె గొంతు తగ్గించి. “ఆ ఒక్క మాటకే నా కాగితం ఇన్నాళ్ళూ ఆగిపోయింది.”

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అర్థమయ్యి కాదు, భయపడి. ఎలా అర్థమవుతుంది, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది, కంతకు ఇవతల కూర్చున్నవాళ్ళు ఎవరైనా అదే అంటారు. చెల్లి అన్నదీ అదే. ఫోను చేసి, ఊపిరి తీసుకుని, అక్కా, నీకు కూతురు పుట్టింది అంది. నాకు పుట్టింది అనలేదు. అప్పుడు ఆమె తను పనిచేసే ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో ఉంది, చేతిలో ఇస్త్రీ యంత్రం నుంచి అప్పుడే వచ్చిన వేడి దుప్పటి, దాన్ని అలాగే గుండెకు ఆనించుకుని గోడకు జారగిలపడింది, వేడి రవికలోంచి ఒంటికి దిగింది, చాలాసేపు ఆ వేడి బిడ్డదే అనిపించింది. ఎవరి పోలికే అని అడిగింది. ముక్కు నీదే, పాపం అంది చెల్లి. తండ్రి సంగతి చెల్లి చెప్పలేదు, చెప్పేదుంటే చెప్పేదేనని తను అడగలేదు, కాగితాల్లో ఆ గడిలో ఒక అడ్డగీత ఉంది, ఆ గీత మీద కూడా ఈ ఆఫీసు చాలాకాలం కూర్చుంది, గీత అంటే ఏమిటి, తెలియదనా, లేడనా, చెప్పరనా. చెప్పడానికి చెల్లి ఉంటే ఈ గీతతో మీకు పనేముంది నాయనా అందామనుకుంది, అనలేదు. ఈ ఆఫీసులో అనకుండా మింగినవి కడుపులో ఉండిపోయి ఆమెకు ఈ మధ్య అన్నం సయించడం లేదు.

దుప్పట్లు మడవడం ఇద్దరి పని. అవతల కొసలు ఒకరు, ఇవతల కొసలు ఒకరు పట్టుకుని, బిగువుగా లాగి, ఒకసారి దులిపి, ఒకళ్ళ వైపు ఒకళ్ళు నడిచి రావాలి, వేళ్ళూ వేళ్ళూ తగిలాక అవతలివాళ్ళ కొసలు కూడా ఇవతలివాళ్ళు అందుకోవాలి. చెల్లి ఆ దేశం వెళ్ళక ముందు ఆ గదిలోనే తనకు ఎదురుగా నిలబడేది, నడిచి వచ్చిన ప్రతిసారీ ముక్కు మీద ముక్కు పెట్టేది, పనిచేయవే పిల్లా అంటే ఇదీ పనేనక్కా అనేది. వెళ్ళాక ఆ చోట్లోకి ఎవరినీ ఇవ్వలేదు ఆసుపత్రివాళ్ళు, ఖర్చు తగ్గింది కదా అని ఊరుకున్నారు. ఆమె గోడకు రెండు మేకులు కొట్టించుకుంది. అవతలి కొసలు మేకులకు తగిలించి మడుస్తుంది. మేకులు బిగువుగానే పట్టుకుంటాయి, ఎదురు మాత్రం రావు. మడతలు బాగా వస్తున్నాయని పై అధికారిణి మెచ్చుకుంది కూడా. ఇవాళ సెలవు అడిగితే, పోయి రా, ఈసారైనా పిల్లతో రా, నువ్వు పనిలో ఉండి కూడా ఉండటం లేదు అంది. పిల్లతో రావడం అంటే ఈ కంతలోంచి పిల్లను అందిస్తారనుకుంటోంది పాపం.

నువ్వు ఒక్కసారైనా ఆ పాపను ఎత్తుకున్నావా అని ఇంటికి విచారణకు వచ్చిన ఆయన అడిగాడు. లేదు. ఎత్తుకోలేదు. చెల్లి ఫోనును ఉడత ముఖం దగ్గర పెట్టి, అక్కా, ఇదిగో చూడు, అక్కా, దీనికి పన్నొచ్చింది చూడు అనేది, అక్కా అని చివర కొంచెం సాగదీసి, ఎప్పుడూ సగం అలిగినట్టు ఉండే పిలుపు, అమ్మ లేని పిల్లకు అలగడానికి ఇంకెవరున్నారని అలా అలవాటైంది. ఉడతకు మాటలు వచ్చేసరికి అదీ అక్కా అంది. తల్లి ఎలా పిలిస్తే పిల్ల అలా పిలుస్తుంది, వింతేముంది, ఎన్ని ఇళ్ళల్లో తండ్రిని పట్టుకుని అన్నయ్యా అని పిలిచే పిల్లలు లేరు, బాబాయిలూ అత్తలూ అలా పిలుస్తుంటే విని నేర్చుకున్నది, చూసి నవ్వుకుంటారు గానీ ఎవరూ ఫైలు ఆపరు. చెల్లి కూడా నవ్వి, అక్క నాకే, నీకు పెద్దమ్మే అని దిద్దబోయేది. వద్దులే, పిలవనీ అంది తను. ఆ పిలుపులో రాగం కూడా చెల్లిదే, అదే సాగదీత, అదే అలక. దుకాణంలోనూ బస్సులోనూ ఆమెను అక్కా అనేవాళ్ళకు తక్కువ లేదు, అది జరగమనడానికి, ధర తగ్గించమనడానికి. ఈ పిలుపు వేరు. చెల్లి పోయిన తర్వాత మొదటిసారి పిల్లల ఇంటివాళ్ళు ఫోను కలిపినప్పుడు, తెర వెలగక ముందే గొంతు వచ్చింది, అక్కా అని, ఆమె చేతిలోంచి ఫోను జారి మంచం మీద పడింది. మనిషిని పాతిపెట్టినవాళ్ళు ఆ గొంతును పాతిపెట్టలేదు, అది ఈ పిల్లలో మిగిలి ఉంది.

తర్వాత ఆ ప్రశ్నల రోజు. తెర మీద ఆ దేశపు అధికారులు ఇద్దరు, పక్కన ఒక దుబాసీ పెద్దమనిషి, వాళ్ళ మాట మనకు, మన మాట వాళ్ళకు మార్చి చెప్పేవాడు. మాట మార్చేవాడని బల్ల మీదివాళ్ళు వేళాకోళం చేశారు. నెమ్మదస్తుడే. ఈ పాప మీకు ఏమవుతుంది అని అడిగాడు. కూతురు అంది. నోరు జారలేదు, గొప్పకు చెప్పలేదు, అడిగినదానికి జవాబు అంతే, చెల్లెలి కూతురు కూతురు కాక ఇంకేమవుతుంది, ఈ భాషలో దానికి ఇంకో మాట ఉంటే ఎవరైనా చెప్పమనండి. ఆ మాట మార్చేవాడు ఆ రోజు మాట మార్చలేదు. అదే కొంప ముంచింది. ఉన్నది ఉన్నట్టు అవతలికి దాటించాడు, వాళ్ళ భాషలో కూతురంటే కడుపున పుట్టినదేనట, ఇంకో రకం లేదట. తర్వాత వాళ్ళు ఉడతను ఇంకో గదిలో కూర్చోబెట్టి, ఫోటో చూపించి, ఈవిడ ఎవరమ్మా అంటే అది సంతోషంగా, అక్క అంది. దాన్నీ ఆయన ఉన్నది ఉన్నట్టే దాటించాడు.

దానికి వచ్చిన జవాబు ఆమె తనే చదువుకుంది, రేపమ్మ కంతలోంచి తోస్తే, ఇదే బల్ల మీద కూర్చుని, వేలు పెట్టుకుని. ‘దరఖాస్తుదారు బాలికను తన కుమార్తెగా పేర్కొన్నారు. బాలిక దరఖాస్తుదారును తన సోదరిగా పేర్కొన్నది. పత్రములలో దరఖాస్తుదారు బాలిక తల్లికి సోదరిగా ఉన్నారు. సంబంధము విషయమై స్పష్టత కోరబడినది.’ స కింద ప, ష కింద ట. రెండేసి మంచాలు తోసిన మాట. ఆ మాట దగ్గర ఎంతసేపు ఆగిపోయిందో, కూడబలుక్కుంటే నోరు తిరిగింది గానీ అర్థం తిరగలేదు, ఇంటికెళ్ళి బడి పంతులమ్మను అడిగితే, తేటగా చెప్పమంటున్నారు అంతే అంది. తేటగా. బతుకంతటిలో ఆమెకు తేటగా ఉన్నది ఆ ఒక్కటే, దాన్నే తేరబెట్టుకు రమ్మన్నారు.

పెద్దసారు గదిలోకి వెళ్ళి మొత్తుకుంది. ఆయన కళ్ళజోడు తీసి, ముక్కు మీది గుంటలు రుద్దుకుని, “నాకు అర్థమైందమ్మా” అన్నాడు. “నేనూ మా పిన్ని చేతుల్లో పెరిగినవాణ్ణే. ఇప్పటికీ ఎవరైనా అడిగితే మా పెద్దోడంటుంది నన్ను.”

“మరి మీకు తెలిసిందేగా సారూ, రాసెయ్యండి.”

“నాకు అర్థమైతే ఏం లాభం? ఫైలుకి అర్థం కావాలి.”

“ఫైలుకి మీరు చెప్పండి సారూ.”

“అది నా మాట వింటుందనుకుంటున్నారా? నేనే దాని మాట వింటాను” అని నవ్వాడు. తెలియనివాడు ఆపితే ఏదో అనుకోవచ్చు, తెలియజెప్పుకోవచ్చు. తెలిసినవాడు తెలిసి ఆపి, తెలుసమ్మా అని కూడా అంటుంటే, ఆ మనిషి ముందు ఏ తలుపు తట్టాలి.

అక్షరాలు ఆమెకు ఆలస్యంగా వచ్చాయి. చెల్లి ఉన్నన్నాళ్ళూ నేర్చుకోవే అక్కా, నేను రాస్తే చదువుకోవచ్చు అని పోరేది, ఫోనుకు మాటలు రాసి పంపేది, అవి పక్కింటివాళ్ళ చేత చదివించుకునేది తను, పక్కింటావిడ గట్టిగా చదివేది, వీధంతా వినేది. చెల్లి పోయాక బడికి వెళ్ళింది, పని ముగించుకుని సాయంత్రాలు నడిచే బడి, తనలాంటి వాళ్ళే అందరూ, మోకాళ్ళ నొప్పులతో చిన్న బల్లల్లో ఇరుక్కుని. అ అంటే అమ్మ అని పంతులమ్మ రాయించింది. తన మనసులో అది ఎప్పుడూ అక్కే. చదవడం వచ్చాక ఆ పాత మాటలన్నీ తనే చదువుకుంది. ఏమీ లేదు వాటిలో, తిన్నావా, మోకాలు ఎలా ఉంది, ఉడత చెప్పు పోగొట్టింది, మందు మానకు, తిన్నావా. అన్నిటికీ ముందు అక్కా. ఆ క వత్తు చూడటానికి ఎంత చిన్నదో, దాని బరువంతా ఇప్పుడు ఈ ఆఫీసు నెత్తిన పడింది.

మొన్న ఆదివారానికి ముందు ఒకరోజు రేపమ్మ కంత దగ్గరికి పిలిచింది. చుట్టూ చూసి, “పిల్లని మళ్ళీ అడుగుతారు. ఈసారి మీరూ పెద్దసారూ చూస్తుండగా అడుగుతారు, మీరు మాట్లాడకూడదు. సరిగ్గా చెప్పేలా చూసుకోండి. నేను చెప్పానని అనకండి” అంది. రేపమ్మకూ మనసుందని తెలిసిన రోజది, ఆ మనసు వల్లనే ఆదివారం ఆమె ఆ పని చేయాల్సి వచ్చింది. ఉడతకు మన మాటలు రోజురోజుకీ రాలిపోతున్నాయి, అక్కడి మాటలు గలగలా మాట్లాడుతోంది, ఇక్కడివి పాలు, చాలు, పోయింది, దా, ఇలాంటివి గుప్పెడు మిగిలాయి, అన్నిటికంటే ముందు పుట్టిన అక్క మాత్రం చెక్కు చెదరలేదు. తెర వెలగగానే, “అక్కా!” అంది.

“అక్క కాదమ్మా. పెద్దమ్మ.”

ఉడత నవ్వింది. “అక్క.”

“పెద్దమ్మ అను. పె. ద్ద. మ్మ.”

“పెదమ” అంది, తమాషా మాటలా, నాలుక బయటపెట్టి. తను బడిలో కూడబలుక్కున్నట్టే దాని చేత కూడబలికించింది, ద కింద ద, మ కింద మ, ఒత్తి పలకవే తల్లీ, ఇంకోసారి, ఇంకోసారి. కాసేపటికి ఒత్తడం వచ్చింది. వచ్చాక దానికి ఏదో అనుమానం తగిలింది, ముఖం ఫోనుకు బాగా దగ్గరగా తెచ్చింది, తెర నిండా ఒక కన్నూ ఆ ముక్కూ.

“అక్క పోయిందా?” అంది.

పోయింది అన్నది అది తల్లి విషయంలో నేర్చుకున్న మాట. ఆమె గబగబా, పోలేదమ్మా, ఇక్కడే ఉంది, ఇది ఆట, ఎవరైనా అడిగితే పెద్దమ్మ అనాలి, అంటే గెలిచినట్టు అంది. అది ఎంతవరకు అర్థమైందో తెలియదు. తల ఊపింది. అప్పటి నుంచి ఆమె లోపల రెండు గొంతులు పేచీ పడుతున్నాయి, ఈ బల్ల మీద కూడా అదే పేచీ. పెద్దమ్మ అనాలి, అనకపోతే అది ఎవరి ఇంటికో పోతుంది, పసుపు గదుల్లోకి, మంచివాళ్ళే అయి ఉంటారు, దానికి అక్క అన్న మాట ఒకప్పుడు ఉండేదని కూడా తెలియకుండా ప్రేమగా పెంచుతారు. అనాలి, అనాలి. ఇంకో గొంతు చిన్నది, సిగ్గులేనిది, మొండిగా అంటోంది, అక్కా అంటే బాగుండు, అందరి ముందూ, పెద్దసారు ముందు, రెండు దేశాల ముందు, సాగదీసి, అలిగి, ఒక్కసారి. ఛీ, నోర్ముయ్యి. నిశ్శబ్దము పాటించవలెను.

“లోపలికి రండి” అంది రేపమ్మ, కంతలోంచి కాదు, తలుపు తీసుకుని వచ్చి. మనిషి ఇంత పొట్టిదని ఆమెకు ఇప్పుడే తెలిసింది. కాళ్ళు తిమ్మిరెక్కి మొదటి అడుగు ఎవరి అడుగో అన్నట్టు పడింది. పసుపు గది ఆవిడ వెనక నుంచి, “మంచే జరుగుతుందండీ” అంది, ఆయన వద్దనలేదు.

పెద్దసారు బల్ల మీద తెల్ల కాగితం, కలం పెట్టాడు. “వాళ్ళు మీ చేతిరాతే కావాలన్నారమ్మా. రాయడం వచ్చుగా?”

“వచ్చు సారూ” అంది. ఆ మాటలోకి రాబోయిన గర్వాన్ని పళ్ళ మధ్య పట్టుకుంది.

“రాయండి. ఈ పాప నా కూతురు కాదు.”

ఆమె రాసింది. వరస తప్పకుండా, గీత మీద నుంచి జారకుండా, బడిలో పంతులమ్మ మెచ్చుకునే రాత. కాదు అన్న మాటకు వత్తులు లేవు, కింద ఏదీ తోయక్కర్లేదు, ఎంత తేలికగా వచ్చేసిందో. ఈ పాప నా చెల్లెలు కాదు. ఇదీ రాసింది. చెల్లెలు అని రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది, ఆ మాట పక్కన కాదు అని పెట్టడం అదే మొదలు. ‘నేను ఈ పాప తల్లికి అక్కను మాత్రమే.’

“మాత్రమే ఉండాలా సారూ?”

“ఉండాలమ్మా. అది ఉంటేనే స్పష్టత.”

రాసింది. త కింద ర వత్తు సరిగ్గా కుదరలేదు, మళ్ళీ దిద్దబోతే, కొట్టివేతలు ఉండకూడదు, వదిలెయ్యండి అన్నాడు ఆయన.

తెర వెలిగింది. ఒక గది, గోడకు పిల్లల బొమ్మలు, మూలగా పిల్లల ఇంటావిడ, ముందు ఒక అధికారిణి, పక్కన అదే దుబాసీ, వాళ్ళ మధ్య కుర్చీలో కాళ్ళు నేలకు అందకుండా ఉడత. జుట్టు కత్తిరించేశారు. ఎవరూ చెప్పలేదు కత్తిరిస్తామని. ఆమె చూపు ఆ మెడ దగ్గరే ఉండిపోయింది. మాట్లాడకూడదన్నట్టు రేపమ్మ పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. దుబాసీ వంగి, తెర వైపు చెయ్యి చూపించి, “ఈవిడ ఎవరమ్మా?” అన్నాడు.

ఉడత చూసింది. ముఖమంతా విచ్చుకుంది, నోరు తెరిచింది. “అ…” అంది.

అని, ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు కళ్ళు పక్కకు తిరిగాయి, పిల్లల ఇంటావిడ వైపో, ఆదివారం వైపో. పెదవులు మూసుకుంది. మళ్ళీ తెరిచి, రెండు వత్తులూ నిండుగా పలికేలా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, “పెద్దమ్మ” అంది. సాగదీయలేదు. అలక లేదు.

“చూశారామ్మా, ఎంత స్పష్టంగా చెప్పిందో!” అన్నాడు పెద్దసారు, నిజంగానే సంతోషించాడు, ముద్ర పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

“ముందు ఏదో అనబోయింది కదండీ, అ అని” అంది రేపమ్మ, రాసుకునే కాగితం మీద కలం ఆపి. “అది రాయాలా?”

“దగ్గి ఉంటుంది. రాయకు.”

తెర మీద ఉడత ఇంకా ఇటే చూస్తోంది, గెలిచిందో లేదో తెలియక. అవతల వాళ్ళు లేస్తున్నారు. ఇప్పుడు మాట్లాడవచ్చన్నట్టు రేపమ్మ తల ఊపింది. ఆమె తెరకు దగ్గరగా వంగింది. “అవునమ్మా” అంది. “పెద్దమ్మనే. గెలిచావు.” దుబాసీ ఏమీ మార్చలేదు, మార్చాల్సింది ఏమీ లేదనుకున్నాడేమో. ఉడత చేతులు రెండూ పైకెత్తింది, తెర నల్లబడింది, ఆ నల్లటి అద్దంలో ఆమెకు తన ముక్కు కనిపించింది.

పత్రానికి ముద్ర పడి, దాని నకలు ఆ దేశానికి వెళ్ళిపోయాక బయటికి వచ్చేసరికి బల్ల మీద ఆమె చోటులో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. పసుపు గది ఆవిడ గబుక్కున లేచి నిలబడింది. “వచ్చిందా అండీ?”

“వచ్చింది.”

“అమ్మయ్య! ఇక ఆ బంగారుతల్లి ఇంటికొచ్చి మిమ్మల్ని ఏమని పిలుస్తుందో చూడాలి!”

ఆమె కాగితాన్ని మడవబోయి, మడతలు పడకూడదన్నారని గుర్తొచ్చి, రెండు చేతులతో చాచి అలాగే పట్టుకుంది.

“సరిగ్గానే పిలుస్తుందమ్మా” అంది. “ఇక సరిగ్గానే పిలుస్తుంది.”